కాపలా పన

కోత ముగిసిన గోధుమ చేలో థర్లో దొర ఒక్క పనను, కోసి కట్టిన ఒకే ఒక్క కట్టను, మాత్రం నిలబెట్టి ఉంచాడు. ఆ పన ఉన్నంతకాలం రాలిన గింజల పరిగె ఏరేవాళ్లు చేలో కాలు పెట్టకూడదన్నది ఇంగ్లండులోని మా సఫోక్ పల్లెల కట్టుబాటు. మిగిలిన పనలన్నీ బండ్లెక్కి వెళ్లిపోయాయి. అది కదలలేదు. ఆ ఉదయం దొర మా కళ్లముందే చేలోకి పందులను తోలించాడు. రాలిన వెన్నులను అవి నములుతుంటే ఊరి ఆడవాళ్లందరం కంచె ఇవతల నిలబడి చూశాం.

ఉమ్మడి బీడుకు కంచె వేసినప్పుడు మా పెద్దలు ఊరుకున్నారు, ఆవులు పోయాయి. నూర్పిడి యంత్రం వచ్చినప్పుడు మేం ఊరుకున్నాం; చలికాలపు పని పోయింది. ఇక మిగిలింది పరిగె. మొగుడు మంచం పట్టిన థిర్జాకు శీతకాలపు రొట్టె ఆ గింజలతోనే.

“పందులకు లేని కట్టుబాటు మనకెందుకత్తా?” అంది థిర్జా.

పరిగె ఏరేవాళ్లకు పెద్దగా మేం ఎన్నుకున్న ముసలి కెజియా కసిరింది. “నోర్ముయ్యవే! మా అమ్మ దాటలేదు, నేనూ దాటలేదు. ఆయన పన తీసేదాకా ఆగాలి.”

“ఎప్పుడు తీస్తాడు? మనల్ని పాతిపెట్టాకా?”

“పాదిరిగారి చేత చెప్పిద్దాం.”

“ఆయనా? దొరింట్లో బాతుకూర తినొచ్చి మనల్ని ఓపిక పట్టమంటాడు!”

అందరూ నవ్వారు, ఒక్కరూ కదల్లేదు. పరీక్షించి చూస్తే ఆ పనలో గడ్డీ గింజా తప్ప మరేమీ లేదు. దాని బలమంతా ఆగిపోయిన మా కాళ్లలోనే ఉంది.

ఇంతలో ఒక పంది పనను పడదోసింది. దొర పాలేరు పరుగున వచ్చి, పందిని వదిలేసి, పనను మళ్లీ నిలబెట్టాడు.

కెజియా మొహం నల్లబడింది. “పడ్డదాన్ని లేపడం ఏ కట్టుబాటురా?” అంటూ కంచె తోసుకుని నేరుగా నడిచి, పనను ఎత్తి బాటలోకి విసిరింది. వెనకే అందరం దిగాం.

కానిస్టేబుల్ వచ్చేసరికి మా ఒడులు పరిగెతో సగం నిండాయి. “ఎంత పెద్దమనిషివి కెజియా, నువ్వేనా ఈ పని చేసింది?”

“నేనే. ఆ పందినీ పట్టుకుపో నాయనా, ముందు పడేసింది అదే.”

ఆమెను బండెక్కించారు. థిర్జా ఏడుస్తూ వెంటపడింది. కెజియా బండిలోంచి అరిచింది: “నా వెంట వస్తే పరిగె ఎవరు ఏరతారే? వంగండి!”

వంగాం. దొర గట్టుమీద నిలబడి తిడుతూనే ఉన్నాడు. ఒక్క నడుమూ లేవలేదు. పొద్దు వాలేసరికి కబురు పాకి, పక్క ఊరి చేలోనూ కాపలా పన లేదు.