గుమ్మం ముందు నీలం చెప్పులు

"ఇది పెద్ద పడగ్గది," అంది సరయు. "కిటికీ తూర్పుకి. పొద్దున్నే ఎండ పడుతుంది."

"మంచం ఎటు వేస్తే బాగుంటుంది?" అడిగాడు కౌశిక్.

అడిగింది కాబోయే భార్య దీక్షితని కాదు, సరయునే. ఇది పదకొండో ఫ్లాట్. ప్రతి ఫ్లాట్‌లోనూ పడగ్గదిలోకి రాగానే ఇదే ప్రశ్న. ఎనిమిదేళ్ళ క్రితం తను ప్రేమించినవాడి మంచం ఎటు వెయ్యాలో సరయు పదకొండోసారి చేత్తో చూపించింది.

"మీకు బాగా అలవాటే," అన్నాడతను. "ఇంకొకళ్ళ మంచాలు సర్దడం."

దీక్షిత కిసుక్కున నవ్వింది.

సరయు సింగపూర్ బుకిట్ బటోక్‌లో ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు. దీక్షిత ఆమె పిన్ని ప్రభావతి కూతురు. పిన్నితో కలిపి ముగ్గురూ ఉండేది ఒకే ఇంట్లో. నెల కిందట దీక్షిత వేలికి ఉంగరంతో ఇంటికొచ్చి, "అక్కా, అబ్బాయి పేరు కౌశిక్. నీకు తెలుసు కదా లా," అంది, సింగపూర్ వాళ్ళు ప్రతి మాటకీ తగిలించే "లా"తో. "ఫ్లాట్ నువ్వే చూపించాలి. ఇంట్లో ఏజెంట్‌ని పెట్టుకుని బయటివాళ్ళెందుకు?"

సరయు కాదనలేదు. కాదంటే కారణం చెప్పాలి.

ఆ కారణం వయసు ఎనిమిదేళ్ళు. అప్పుడు కౌశిక్ శ్రీకాకుళం నుంచి కొత్తగా దిగి, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఓ బ్యాంకు కంప్యూటర్లు చూసుకునేవాడు. సరయు ముత్తాత యర్రయ్య అదే జిల్లా నుంచి ఓడెక్కి వచ్చినవాడు. తెలుగులో సగం తమిళం, పావు మలయ్ కలిపి మాట్లాడే ఈ పిల్లని చూసి కౌశిక్ తెగ నవ్వేవాడు. ఓ సాయంత్రం ఎక్స్‌పో స్టేషన్‌లో రైలు వస్తూంటే సరయు గుండె చిక్కబట్టుకుని అడిగింది:

"ఫ్లాట్‌కి అప్లై చేద్దామా?"

సర్కారు ఫ్లాట్‌కి దరఖాస్తు పెట్టాలంటే జంట కావాలి. అందుకే సింగపూర్‌లో పుట్టి పెరిగినవాళ్ళు పెళ్ళి చేసుకుందామని అడగరు, ఫ్లాట్‌కి అప్లై చేద్దామని అడుగుతారు. ఊరికి కొత్తయిన కౌశిక్‌కి అది తెలీదు.

"నాకెందుకు ఫ్లాటు?" అన్నాడు పకపకా నవ్వుతూ. "కంపెనీ గదిచ్చింది కదేటి. నలుగురం హాయిగా ఉన్నాం."

సరయు రైలెక్కేసింది. ఆ రాత్రే అతని నంబరు బ్లాక్ చేసింది. నెల తిరక్కుండా కంపెనీ అతన్ని బెంగుళూరు పంపించేసింది.

దీక్షిత టేపు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది, ఫ్రిజ్ పడుతుందో లేదో కొలవడానికి. అక్కణ్ణించే అరిచింది: "కౌశిక్, ఎలా ప్రపోజ్ చేశావో అక్కకి చెప్పు! సో లోకల్ లా!"

కౌశిక్ సరయు కళ్ళలోకి సూటిగా చూశాడు. "ఫ్లాట్‌కి అప్లై చేద్దామా అన్నాను."

చెంప పగిలినట్టయింది సరయుకి. "ఆ మాటకి అర్థం తెలుసా నీకు?"

మీరు అన్న మర్యాద ఎటుపోయిందో ఇద్దరూ చూసుకోలేదు.

"ఆ రోజు తెలీదు. బెంగుళూరు నుంచి తిరిగొచ్చాక ఆఫీసులో ఎవడో ఫ్లాట్‌కి అప్లై చేశామని స్వీట్లు పంచాడు. దానికి స్వీట్లేంటని అడిగితే అప్పుడు చెప్పారు." అతని దవడ బిగుసుకుంది. "మర్నాడే మీ ఇంటికొచ్చాను. లోపలుండి బయటికి రాలేదు నువ్వు. మొహం చూపించడానికి కూడా పనికిరానా?"

"ఎప్పుడొచ్చావు?"

"మూడేళ్ళ కిందట. దీపావళి మర్నాడు."

సరయు గోడకి ఆనుకుంది. "నేను ఇంట్లో ఉన్నానని ఎవరన్నారు?"

"ఒకళ్ళు అనాలా? గుమ్మం ముందు నీ నీలం చెప్పులున్నాయి. ఆ రోజు స్టేషన్‌లో కూడా అవే వేసుకున్నావు. కింద పూలరేకులు తొక్కుకుంటూ పైకొచ్చాను, ఇంకా పండగ సందడి పోలేదనుకున్నాను. దీక్షిత ఇల్లు కడుగుతోంది. అక్క లోపలుంది, నిన్ను చూడనంటోంది, వెళ్ళిపో అంది."

"ఇల్లు కడుగుతోందా," అంది సరయు. "ఎందుకు కడుగుతోందో అడగలేదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"అప్పుడే మా నాన్నని తీసుకెళ్ళారు కౌశిక్. నువ్వు తొక్కినవి ఆయన మీద చల్లిన పూలు. శవం వెళ్ళాక ఇల్లు కడగాలి కదా, అందుకని దీక్షిత ఉండిపోయింది. నాన్నకి కొడుకుల్లేరు. మండాయ్ శ్మశానంలో నేనే కొరివి పెట్టాను." తన కాళ్ళ వైపు చూసుకుంది. "కొరివి పెట్టేవాళ్ళు చెప్పులేసుకోరు."

కౌశిక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. నెల రోజులుగా అక్కడున్న వెక్కిరింపు ఎటుపోయిందో తెలీదు.

వంటింట్లో టేపు సర్రున చుట్టుకుంది. దీక్షిత గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విందని మొహమే చెబుతోంది.

"అబద్ధమని ఒక్కమాట చెప్పు," అన్నాడు కౌశిక్.

"ఎందుకు? నిజమే కదా." దీక్షిత భుజాలెగరేసింది. "ఎవరొచ్చినా అక్క కోసమే. ఆ రోజు నువ్వు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే మంచినీళ్ళిచ్చింది నేను. వారం వారం మెసేజ్ పెట్టింది నేను. నేను చెప్పింది ఒక్క అబద్ధం. మీరిద్దరూ? ఒక్క ఫోన్ చెయ్యలేకపోయారు. అక్క ఒక నవ్వు చూసి నంబరు బ్లాక్ చేసింది. నువ్వు చెప్పులు చూసి వెళ్ళిపోయావు. ఇప్పుడు నన్నంటారా?"

ఆ మాట ఇద్దరికీ తగిలింది. తగిలిందని దీక్షితకీ తెలిసింది. గెలిచినట్టు నవ్వింది.

కౌశిక్ ఆ నవ్వు చూడలేదు. సరయు వైపు తిరిగాడు. "ఫ్లాట్‌కి అప్లై చేద్దామా?"

"ఆ మాట వాడేశావు," అంది సరయు. "ఆవిడకి. పదకొండు పడగ్గదులు తిప్పావు నన్ను. ఈసారి తెలుగులో అడుగు. ఆవిడ ముందే అడుగు."

"సరయూ, వద్దు. తను..."

"నా ముందు మంచం ఎటు వెయ్యాలని అడగలేదా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

సరయు ఫైల్లోంచి కొనేవాళ్ళ వివరాల కాగితం తీసింది. దీక్షిత పేరు మీద ఒక గీత గీసింది. సరిపోలేదన్నట్టు ఇంకోటి గీసింది. దాని పక్కన తన పేరు రాసింది.

"చేసుకుంటాను. కొనే మనిషిని నేనే అయ్యాక ఏజెంటుగా ఉండకూడదు. రేపటి నుంచి వేరేవాళ్ళు చూస్తారు." కాగితం దీక్షిత చేతికిచ్చింది. "ఒకసారి చూడమ్మా. స్పెల్లింగు కరెక్టేనా?"

దీక్షిత నవ్వు ఆగిపోయింది. "అక్కా," అంది. చిన్నప్పుడు సరయు నాన్న భుజం ఎక్కి పిలిచిన గొంతే. "అమ్మకి ఏం చెప్పను?"

"అక్క లోపలుంది, నన్ను చూడనంటోంది అని చెప్పు."

దీక్షిత ఉంగరం లాగి నేలకేసి కొట్టింది. కాగితం చింపి పారేసి, తలుపు తోసుకుని వరండాలోకి పరిగెత్తింది. కౌశిక్ రెండడుగులు వేసి ఆగాడు. లిఫ్టు ఇంకా రాలేదు. వరండా చివర దీక్షిత బటన్‌ని గుద్దుతూ ఏడుస్తోంది. కాళ్ళకి చెప్పుల్లేవు.

ఆమె బంగారు రంగు చెప్పులు గుమ్మం ముందే, సరయు చెప్పుల పక్కనే ఉన్నాయి.

పిలిస్తే వినపడే దూరమే. సరయు పిలవలేదు. లిఫ్టు తలుపు మూసుకునేదాకా అక్కడే నిలబడింది. తర్వాత తన చెప్పులు మాత్రం వేసుకుని, "పద," అంది కౌశిక్‌తో.