మల్లప్ప సద్ది

ఐదింటికి నల్లా వస్తుంది, డ్రమ్ములు నింపాలి. జొన్నరొట్టెలు చేయాలి. అత్తమ్మకు షుగర్ గోలీ ఇవ్వాలి. మా ఆయన దశరథ్‌కు పచ్చిపులుసు కారకుండా డబ్బా కట్టాలి. వికారాబాద్ బండి దొరకాలంటే ఏడున్నరకల్లా తాండూరు స్టేషన్‌లో ఉండాలి. పదింటిలోపు ముస్కాన్ పేరు తీసేయాలి.

చివరి పని గుర్తొచ్చినప్పుడల్లా రొట్టె కొడుతున్న చెయ్యి ఆగిపోతోంది.

మా కంపెనీకి పంతొమ్మిది ఊళ్లలో రక్తపరీక్షల ల్యాబులున్నాయి. ఒక్కో ల్యాబులో ఒక సర్వరు, అన్నింటినీ నడిపేది లినక్స్. పరీక్షల కాగితాలు తీసే సాఫ్ట్‌వేర్‌ను రెండు ప్యాకేజీలుగా కట్టి, వికారాబాద్ ఆఫీసు నుంచే అన్నింటిలోకీ ఎక్కిస్తాం. ఆ ప్యాకేజీలు రెండూ మొదట కట్టింది బషీరాబాద్ ముస్కాన్. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఉద్యోగంలో చేరిన వారం నల్లటి తెర నిండా తప్పులు చూసి ఏడుస్తుంటే, "అరే, అది కరుస్తదా అక్కా? జర నెమ్మదిగ చదువు. తప్పేడుందో అదే చెప్తది" అని పక్కన కూర్చుంది ఆమే.

లినక్స్ వాళ్లలో ఒక మర్యాద ఉంది. ఎవరు చేసిందైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. చేసినవాళ్ల పేరు మాత్రం చెరపకూడదు. ఎవరు ఏ రోజు ఏం మార్చారో ప్యాకేజీలోనే ఒక చిట్టా ఉంటుంది. మావి బయటివాళ్లెవరైనా తెరిచి చూడొచ్చు.

ముస్కాన్ కాన్పుకు వెళ్తే మళ్లీ రావద్దన్నారు. పోయిన నెల మా టీమ్ లీడ్ అరుణ్‌కుమార్ సార్, "ఆమె ఇప్పుడు మన మనిషి కాదు గదమ్మా. ఆ పేరు తీసి నాది పెట్టు" అన్నాడు. తల ఊపి, ఒక ప్యాకేజీలో తీసేశాను. తీసింది నేనని చిట్టాలో రాయలేదు. నిన్న రెండోదాంట్లోనూ తీసేయమన్నాడు. నిన్న సాయంత్రమే ముస్కాన్ ఫోన్ చేసింది.

"ఇంటర్వ్యూల నువ్వేం పని చేసినవన్నరక్కా. చూస్కోండి సార్ అని ఒకటి తెరిచి చూపెట్టిన. అండ్ల నా పేరే లేదు. అబద్ధమాడుతున్ననన్నట్టు చూసిండ్రు. ఎవలు తీసిండ్రో నీకేమన్న ఎరికనా?"

వెనక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. "తెల్వదు" అన్నాను.

నాకిప్పుడు మూడో నెల. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చీర కుచ్చిళ్లు రోజూ అద్దంలో చూసుకుని మరీ బయల్దేరుతున్నాను. కాదంటే ఈ నెలే పంపించేస్తారేమో. ఔనంటే, నేను కాన్పుకు వెళ్లాక నా పేరు తీసేయడానికి నా కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుంటుంది. దశరథ్‌తో చెప్పబోతే, బండల పాలిష్ దుమ్ము దులుపుకుంటూ, "ఏసీల కూసొని బటన్లొత్తుడే గద, దానికింత ఫికరేంది?" అన్నాడు.

పొద్దున అత్తమ్మే అడిగింది. "ఏందే పిల్లా, మొకం గట్ల వెట్టినవ్?"

చెప్పాను. ఆమెకు అర్థమయ్యేలా చెబుదామని మాటలు వెతుక్కుంటుంటే తానే అంది, "అంటే సద్ది కట్టుడేనన్నట్టు?"

"అట్లనే అత్తమ్మా."

"మీ మామ గొర్లెంట పోయినన్నాళ్లు రొట్టెల సద్ది నేనే గడితి. మందకాడ అందరు మల్లప్ప సద్ది మస్తుంటది అనేటోళ్లు. మల్లప్ప సద్దట! ఆయనకు పొయ్యి అంటువెట్టుడే రాదు." పకపకా నవ్వింది. గోలీ మింగి, నీళ్ల చెంబు కింద పెట్టి, "బుగ్గమ్మ కట్టిందని ఒక్కడన్న అన్లే" అంది. అప్పుడు నవ్వలేదు.

ఆఫీసులో కూర్చునేసరికి పదికి పావుగంట తక్కువ. రెండో ప్యాకేజీలో పేరు తీయలేదు. మొదటిదాంట్లో మళ్లీ పెట్టాను. చిట్టాలో రాశాను: "ఇది మొదట కట్టింది ముస్కాన్. పోయిన నెల ఆమె పేరు తీసింది నేను. తిరిగి పెట్టింది నేను. నాగరాణి." తప్పుల్లేవని రెండుసార్లు చూసి, ఎక్కించాను. నవాబుపేట, దోమ, పరిగి... పంతొమ్మిదీ ఒక్కొక్కటే అందుకున్నాయి. ముస్కాన్‌కు మెసేజ్ పెట్టాను: "తీసింది నేనే. నిన్న అబద్ధం చెప్పిన. మళ్ల పెట్టిన, చూపెట్టు." చూసింది.

"నాగరాణీ, జర ఇటు రా." లోపలి గదిలోంచి సార్ గొంతు.

లేచాను. కడుపు మీద చెయ్యి వేసుకున్నాను, ఈసారి ఎవరికీ కనబడకుండా కాదు.

రేపు నా కుర్చీలో ఎవరుంటారో, చిట్టాలో ఏ పేరుంటుందో నాకు తెలియదు. మీ ఊళ్లో ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించుకుని, కాగితం చేతికొచ్చినప్పుడు, బషీరాబాద్ ముస్కాన్‌ను ఒక్కసారి తలుచుకోండి.