గ్లాసు అంచున ఉప్పు

పగ తీరాలంటే ఒకే ఉప్పు తినాలి. తాడిమర్రి పక్క పల్లెల్లో ఎవరిని అడిగినా ఈ మాటే చెప్తారు. కోర్టు కాగితాలు ఎన్నైనా రాసుకోండి, దేవుడి ముందర కర్పూరం ఆర్పండి, అవన్నీ పైపై ముచ్చట్లు. ఇద్దరూ ఒక పంక్తిలో కూర్చుని ఒకే కుండలో ఉడికిన ఉప్పుకూడు తిన్నాక మాత్రం, చేయి ఎత్తినవాడు పురుగులు పడి చస్తాడని నమ్మకం. ఎంత మొరటువాడైనా దాన్ని దాటడు.

అందుకే కుళ్ళాయమ్మ ఆ శనివారం మధ్యాహ్నం హిందూపురంలో, బుద్ధెరిగి చూడని హోటల్లో, కాళ్ళు నేలకు ఆనని మెత్తటి కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ఒక్కగానొక్క కొడుకు ఆదినారాయణ. ఎదురుగా దాయాది గంగాధరప్ప, అతని భార్య సావిత్రమ్మ. బల్ల కొసన రాజీ కుదిర్చిన పెద్దమనిషి తిమ్మప్ప. నాలుగేండ్ల కిందట గట్టు తగాదాలో కుళ్ళాయమ్మ మొగుడిని నరికించింది ఈ గంగాధరప్పే. సాక్షులు నోళ్ళు తిప్పుకున్నారు, కేసు పోయింది. అప్పటినుంచి ఆదినారాయణ వెంట మనుషులు లేనిదే చేని దగ్గరికి పోలేదు. ఎంత ఉడుకు పోసినా మిద్దె మీద పండుకోలేదు. ఈరోజు మాత్రం ఒట్టి చేతులతో రైలెక్కి వచ్చాడు. రాజీ భోజనానికి మనుషులనూ కత్తులనూ వెంట తెచ్చుకోకూడదు. అదీ కట్టుబాటే.

ఒకరి గడప ఒకరు తొక్కరు కాబట్టి ఊరికి దూరంగా ఈ చోటు చూశారు. ఓడల్లో వంటమనిషిగా తిరిగి, మెక్సికో దేశంలో చాన్నాళ్ళు ఉండి వచ్చిన కదిరప్ప పెట్టిన హోటలు అది. బెల్లం మండీ షావుకార్లు, బెంగుళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్ళు తప్ప మామూలు మనుషులు లోపలికి తొంగి చూడరు. బల్లల మీద తెల్లటి గుడ్డలు, తలకాయ మీద ఫ్యాన్లు, అద్దం లాంటి పింగాణీ.

కదిరప్ప తానే వడ్డించాడు. మొక్కజొన్న రొట్టెలు, ఎర్ర చిక్కుడుగింజల పప్పు, టమేటా పచ్చిమిరపకాయ రోట్లో నూరిన పచ్చడి. ఇంకో గిన్నెలో పచ్చటి ముక్కల కూర, పక్కన అరటిపండ్లు.

"ఇదేం కూరప్పా?" అంది కుళ్ళాయమ్మ.

"నాగజెముడు అవ్వా. ముండ్లు గీకి వండినా."

"మా చేను చుట్టూ అంతా అదే ఉండాది. ఇన్నేండ్లు కూరగాయనే కంచెగా నాటుకున్నామా మేము?"

తిమ్మప్ప పొలమారేటట్టు నవ్వాడు. ఆదినారాయణ కూడా నవ్వాడు. కొడుకు పండ్లు కనిపించి ఎన్నాళ్ళయిందో అనుకుంది తల్లి.

"ఈపొద్దు నుంచి మిద్దె మీదనే పడక చిన్నాయనా," అన్నాడు వాడు గంగాధరప్పతో. "గాలి లేక సచ్చిపోతాండాం లోపల."

"పండుకోబ్బా. ఎవురొద్దన్నారు?" అన్నాడు గంగాధరప్ప మెత్తగా.

అప్పుడు వచ్చాయి నిమ్మకాయ షర్బత్ గ్లాసులు. అంచు చుట్టూ తడి చేసి ఉప్పు అద్ది ఉంది. ఆ దేశంలో అట్లాగే తాగుతారని, అంచుకు నాలుక తగిలేటట్టు తాగమని చెప్పి పోయాడు కదిరప్ప. సావిత్రమ్మ చిన్నపిల్ల మాదిరి అంచంతా నాకి మురిసిపోయింది.

గంగాధరప్ప జేబులోనుంచి చేతిగుడ్డ తీశాడు. తిమ్మప్పతో మాట్లాడుతూనే గ్లాసు అంచును చుట్టూతా తుడిచాడు. తుడిచి, ఆ తర్వాత తాగాడు.

కుళ్ళాయమ్మ చూపు అతని పళ్ళెం మీదికి పోయింది. రొట్టె ముక్కలు ముక్కలయి ఉంది, పప్పు కెలికి ఉంది. వేళ్ళు మాత్రం తడి కాలేదు. తిన్నదల్లా అరటిపండే.

ఆమె లేచి, రొట్టె తుంచి పచ్చడిలో అద్ది చేయి చాపింది. "ఇందప్పా గంగాధరా, వదిన చేతి ముద్ద. తిను."

"ఒక్కపొద్దు వదినా. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నా. శనివారాలు ఉప్పు ముట్టను."

సావిత్రమ్మ తలెత్తి ఏదో అనబోయింది. మొగుడు ఒక్క చూపు చూశాడు. ఆమె మళ్ళీ గ్లాసులోకి తల వంచుకుంది.

"ఉప్పు తినకుంటే రాజీ ఎట్లయితాది తిమ్మప్పా?"

"మొక్కు అంటాండాడు గదమ్మా," అన్నాడు తిమ్మప్ప, నోటినిండా రొట్టెతో. "దేవునికంటే మనం పెద్దోళ్ళమా? రేపు మా ఇంట్లో తింటాడులే."

శనివారమే కూర్చుందామని దినం పెట్టింది ఎవరు? గంగాధరప్పే. కుళ్ళాయమ్మ ముద్దను పళ్ళెంలో పెట్టేసింది. 

చేతులు కడుక్కునే చోట గంగాధరప్ప అన్నాడు, "టాక్సీ మాట్లాడినా. మీరిద్దరూ ముందు పోండి. మేము తిమ్మప్పతో జీపులో వెనకాల వస్తాం. పెనుకొండ మీద పోతే మునిమాపుకు ఇల్లు చేరతారు."

పెనుకొండ దాటాక కొండల నడుమ దారి ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. మలుపులు, బండలు, మనిషి అలికిడి లేని చోట్లు.

"మేము రైల్లో పోతాంలే."

"రాజీ అయినాక గూడా నమ్మకం లేదా వదినా?"

"అమ్మా, ఊరుకో," అన్నాడు ఆదినారాయణ సిగ్గుపడుతూ. "కారులోనే పోతాం చిన్నాయనా."

ఇక వాడితో చెప్పి లాభం లేదు. కాదంటే రాజీ చెడగొట్టింది మీరేనని రేపు ఊరంతా అంటుంది. కుళ్ళాయమ్మ సావిత్రమ్మ చేయి పట్టుకుంది.

"అయితే నా తోడికోడలు నాతో కారులో వస్తాది. నాలుగేండ్లయింది మా గడప తొక్కక. ఇంటికి పిలిచి మా కోడలు గౌరి చేత పసుపు కుంకుమ, చీర పెట్టిస్తా. ఏం తిమ్మప్పా, పద్ధతేనా?"

"పద్ధతి గాక? ఆడోళ్ళు కలిస్తేనే ఇండ్లు కలిసినట్టు. పో సావిత్రమ్మా," అన్నాడు తిమ్మప్ప.

"పోతా, పోతా," అంది సావిత్రమ్మ సంతోషంగా. "కారులో నేనెప్పుడు ఎక్కినా?"

గంగాధరప్ప మెడ మీద నరం ఒకటి కొట్టుకుంటోంది. తర్వాత నవ్వాడు, తల ఊపాడు, డ్రైవర్ను హోటలు మూలకు తీసుకుపోయాడు. ఏం చెప్పాడో వినిపించలేదు. డ్రైవర్ మాత్రం ఆయన ముఖం చూసి, కారులో ఎక్కుతున్న సావిత్రమ్మను చూసి, మళ్ళీ ఆయన ముఖం చూశాడు.

కారు ఊరు దాటింది. పెనుకొండ వైపు తిరగలేదు.

"ఏమప్పా డ్రైవరూ," అంది సావిత్రమ్మ, "వచ్చేటప్పుడు పెనుకొండ మీదనే వచ్చినాం గదా. ఇట్ల యాడికి పోతాండావు?"

"గోరంట్ల మీద కొత్తచెరువుకు పోయి, ఆడినుంచి ధర్మవరం పోతాం తల్లీ."

"చుట్టు గదా?"

"గంగాధరప్ప ఇట్లనే పొమ్మన్నాడు. ఇప్పుడే చెప్పినాడు."

ముందు సీట్లో ఆదినారాయణ వెనక్కి తిరిగి తల్లి ముఖంలోకి చూశాడు. ఆమె సావిత్రమ్మ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. వేరే చెప్పవలసిన పని లేకపోయింది. వాడి ముఖంలో రక్తం దిగిపోయింది.

"ఏమక్కా, చేయి ఇంత గట్టిగా పట్టుకున్నావు?" అంది సావిత్రమ్మ.

"ఉండనీలే తల్లీ, ఊరొచ్చేదాంక."

కిటికీ బయట వేరుసెనగ చేన్ల మీద పొద్దు వాలుతోంది. గోరంట్ల వచ్చింది, పోయింది. ఆదినారాయణ, దారి మీదనుంచి చూపు తిప్పకుండా, మెల్లగా అన్నాడు:

"అమ్మా, ఈపొద్దు మిద్దె మీద పడక వెయ్యొద్దని గౌరికి చెప్పు."