మంచినీళ్లలో బరువు

సముద్రం అడుగున మంచినీటి ఊట ఉన్న చోట యాగోడ పడవ ఆపింది. వెలెబిత్ కొండల మీద కురిసిన వాన నేల లోపలి దారుల్లో నడిచి వచ్చి, ఇక్కడ ఉప్పునీళ్ల మధ్య ఒక గుంతలోంచి పైకి ఉబుకుతుంది. నాలుగేళ్ల కిందట ఆమె తమ్ముడు షిమె ఆ గుంతలోకి దిగి మళ్లీ రాలేదు. ఒంటికి కట్టిన తాడు రాయికి ఒరుసుకుని తెగిపోయింది. పొగరెక్కి లోతుకు పోయాడని ఊరంతా తేల్చేసింది. తండ్రి ఫ్రానె కూడా అదే మాట అనేవాడు. చచ్చిపోయిన కొడుకు మీద కోపమేమిటో గాని, ఆ కోపమే ఇన్నాళ్లూ ఆయన్ని నిలబెట్టింది.

షిమె అలాంటివాడు కాదని యాగోడ పట్టుదల. అది రుజువు చేయడానికే, తను పనిచేసే ప్రయోగశాలలో పాత మోటార్లు ఏరుకుని, నీళ్ల అడుగుకు దిగే ఈ యంత్రాన్ని తయారుచేసింది. దానికి కెమెరా, దీపాలు, పైన తేలడానికి పసుపు నురుగు దిమ్మ. పడవలో కూర్చుని కేబుల్ ద్వారా నడపొచ్చు. రేవులో వారాల తరబడి సీసపు ముక్కలు తగిలిస్తూ, తీస్తూ, మోటార్లు ఆగినా దానంతటదే పైకి తేలేలా తూకం కుదిర్చింది.

"తిండి అడగదు, ఎదురు చెప్పదు. బిడ్డంటే ఇలా ఉండాలి," అన్నాడు ఫ్రానె కేబుల్ అందుకుంటూ.

"ఎదురు చెప్పే బిడ్డ పక్కనే ఉంది. మెలి పడకుండా చూడు నాన్నా."

యంత్రం గుంతలోకి దిగింది. పడవలోని కెమెరా తెర మీద నీళ్లు నూనె కలిసినట్టు మసకబారాయి. మంచినీటి ఊట మొదలైంది. దానంతటదే తేలుతుందో లేదో చూద్దామని యాగోడ మోటార్లు ఆపింది. యంత్రం తేలలేదు, కిందికి జారింది.

మంచినీళ్లు ఉప్పునీళ్లలా మోయవు. ఏట్లో ఈదిన పిల్లలకు కూడా తెలిసే సంగతి. రేవులోని ఉప్పునీళ్లలోనే పరీక్షించి పరీక్షించి ఆమె మరిచిపోయింది. మునగడానికి షిమె నడుముకు కట్టుకున్న సీసం కూడా ఉప్పునీటి లెక్కదే.

లోతు అంకె ఇంకా పెరుగుతోంది. వెనక్కి తిరిగి చూస్తే, తండ్రి చేతులు కేబుల్‌ని మెల్లగా వదులుతున్నాయి.

"వదలకు నాన్నా."

"లాగుతోందమ్మా. ఒకసారి లాగితే వదలాలి, రెండుసార్లు లాగితే పైకెత్తాలి. నాకు నేర్పుతావా?"

"అది లాగట్లేదు. మునిగిపోతోంది."

ఫ్రానె చేతులు ఆగాయి. కేబుల్ బిగిసింది, యంత్రం వేలాడింది. దీపాల వెలుగులో ఉత్త రాళ్లు తప్ప ఏమీ లేవు.

"ఆ రోజు వాడి తాడూ ఇలాగే లాగింది," అన్నాడు ఫ్రానె. "ఒక్కటే లాగుడు, ఆగకుండా. ఇంకా కావాలా, పొగరుబోతు వెధవా అని తిట్టుకుంటూ వదిలాను."

తమ్ముడి మీద పడ్డ నింద పోయింది. అది ఎవరి మీద వాలిందో చూడలేక యాగోడ తెరకేసి తిరిగింది. ఊట ఉరవడి వల్ల అంటూ ఏదో అబద్ధం మొదలుపెట్టి మధ్యలోనే ఆపేసింది.

ఇద్దరూ కలిసి యంత్రాన్ని పైకి లాగి పడవలో పెట్టారు. కేబుల్‌కి ఇక బరువేమీ లేదు. అయినా రేవు చేరేదాకా ఫ్రానె దాన్ని రెండు చేతులా బిగించి పట్టుకునే కూర్చున్నాడు. వదిలెయ్ నాన్నా అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.