ముంపు గీతకి అటుపక్క వంటిల్లు

నీలిగీత గీసిన ఉదయం నుంచి నూకరత్నం వంటిల్లు గోదావరిలో ఉంది, ముందుగది ఒడ్డున ఉంది. వంటింట్లో నీళ్ళు కనిపించవు. పొయ్యి మండుతుంది, అన్నం ఉడుకుతుంది. కాకపోతే డబ్బాలో ఉప్పు నిలవడం లేదు. చేపపిల్లలు కిటికీలోంచి వచ్చి, అటక చుట్టూ తిరిగి, గుమ్మందాకా వచ్చి వెనక్కి మళ్ళుతున్నాయి.

కొత్తరేవు ఏటిగట్టుకి లోపల, నదిని ఆనుకుని ఉన్న పేట. వరద ఎక్కడిదాకా వస్తుందో పటం గీయడానికి సర్వేయరు ఖాదర్ వచ్చాడు. ప్రతి ఇంటి ముందూ ఆగి, "ఎంతదాకా?" అని మర్యాదగా అడుగుతాడు. గోడలు కాసేపు ఆలోచించుకుని చేతులెత్తి చూపిస్తాయి. కొన్ని నడుందాకా, కొన్ని మెడదాకా. నూకరత్నం ఇంటి గోడ చెయ్యి ఎత్తి ఎత్తి, ఇంక ఎత్తలేక ఏడుస్తుంది. అది సర్దుకునేదాకా ఆగి, ఖాదర్ వంటింటి గుమ్మం మీదుగా నీలిగీత లాగుతాడు.

"గీతకి అటుపక్క గోడలుండకూడదమ్మా," అంటాడు. "నీళ్ళకి అడ్డం పడేదేదీ ఉండకూడదు. గట్టు అవతల మెరక మీద మీకు స్థలం ఇస్తారు. వరదల్లోపు వెళ్ళిపోవాలి."

నూకరత్నం వినడం లేదు. వంటింట్లో పీట మీద ఆమె మొగుడు వీర్రాజు కూర్చుని ఉన్నాడు.

వీర్రాజు నిరుటి వరదలో పోయాడు. ఆ ఇల్లు ఇటుక మీద ఇటుక పేర్చి తనే కట్టుకున్నాడు. ఎన్ని వరదలు చూడలేదు, మెట్టు దాటి రాదులే అని పడవ ఎక్కలేదు. నూకరత్నం కూతురు మణిని చంకనేసుకుని ఎక్కింది. తర్వాత ఎంత వెతికినా మనిషి దొరకలేదు. ఏట్లో పోయినవాడు ఏట్లోనే ఉంటాడు. ఇప్పుడు వంటిల్లు ఏరైంది కనక వంటింట్లో ఉన్నాడు.

"ఆకలేత్తందే," అంటాడు.

ఆమె వడ్డిస్తుంది. ముద్ద నోటిదాకా వెళ్ళి, ప్రవాహంలో పడి, మెల్లగా కిటికీలోంచి వెళ్ళిపోతుంది. "బాగుంది," అంటాడు వీర్రాజు.

నూకరత్నం వీధిలోకి పరుగెత్తుతుంది. "సర్వేయరుగారూ, మా ఆయనొచ్చాడండి. ఆయన్ని కూడా తీసెయ్యాలాండి?"

ఖాదర్ గుమ్మం దగ్గరికొచ్చి తన దుర్భిణిలోంచి వీర్రాజుని చాలాసేపు చూస్తాడు. "అక్కర్లేదమ్మా. ఆయనలోంచి నీళ్ళు పోతాయి. ఆయన ఉండొచ్చు. మీరే ఉండకూడదు."

"ఈ గీతేదో నిరుడే గీసుంటే ఏం పోయిందండీ?"

ఖాదర్ తల దించుకుంటాడు. "నిరుడు మాకు తెలీదమ్మా. ఆయన ఎక్కడ కొట్టుకుపోయారో అక్కడిదాకా గీశాం."

పేటవాళ్ళు మంచాలూ మేకలూ తీసుకుని ఒక్కొక్కరే మెరక మీదికి పోతున్నారు. నూకరత్నం కదలదు. రోజూ రెండు కంచాలు ఒడ్డున పెడుతుంది, ఒక కంచం ఏట్లో పెడుతుంది. బడి నుంచి రాగానే మణి సంచీ విసిరేసి, గీత దాటి నాన్న ఒళ్ళో కూర్చుంటుంది. ఇద్దరూ చేపలకి పేర్లు పెట్టుకుని నవ్వుకుంటారు. ఇల్లు ఇంత సందడిగా ఉండి ఏడాదైంది. ఎలా లేవగలదు ఆమె?

మణి జడ ఆరడం లేదు. ఎంత తుడిచినా మళ్ళీ కారుతుంది. పిలిస్తే జవాబు బుడగలుగా పైకి తేలి, చూరు దగ్గర పగిలాక వినిపిస్తుంది. ఒక మధ్యాహ్నం మణి ముందుగది కిటికీ దగ్గర నిలబడి పాలు తాగుతుంటే, తెల్లటి చార గొంతులోంచి పొట్టలోకి దిగడం తల్లికి కనిపిస్తుంది. పిల్ల నీడ నేల మీద నిలకడగా లేదు. ఎండ ఆ పిల్లలోంచి వచ్చి, ఏటి అడుగున పడ్డట్టు అలలు అలలుగా కదులుతోంది.

నూకరత్నం గుమ్మంలో చతికిలబడుతుంది. "మావా, పిల్ల పల్చబడిపోతంది."

వీర్రాజు తన ఒళ్ళోకి చూసుకుంటాడు. "నాకూ ఒళ్ళో బరువు తెలత్తా లేదే," అంటాడు. "తెలిసీ ఊరుకున్నాను. ఇంకొక్కరోజు, ఇంకొక్కరోజని." లేచి నిలబడతాడు. "గునపం అట్టుకురా."

వంటింటి గోడని ఇద్దరూ కలిసి విప్పుతారు. అతను అటునుంచి ఒక్కొక్క ఇటుకా అందిస్తాడు, ఆమె ఇటునుంచి అందుకుంటుంది. గీత దాటగానే ఇటుక పొడిగా, వెచ్చగా అయిపోతుంది. ఒక ఇటుకలో తాలింపు చిటపటలు, ఒక దాంట్లో వాళ్ళిద్దరి పోట్లాట, ఒక దాంట్లో మణి పుట్టినప్పటి ఏడుపు. ఆ ఇటుక ఇవ్వడానికి వీర్రాజుకి ఎంతకీ చేతులు రావు. ఆమె కూడా తొందర పెట్టదు.

గోడలైపోయాక అటుపక్క వట్టి ఏరే మిగులుతుంది.

"ఇంక ఎల్లు," అంటాడు.

"నువ్వేం తింటావు?"

"ఏరు పెడతాది."

ఆమె అతని చెయ్యి పట్టుకోబోతుంది. చేతికి ఏటి లాగుడు తగులుతుంది, చెయ్యి తగలదు.

మణిని ఎత్తుకుని ఏటిగట్టు ఎక్కుతుంది. "నాన్నా, నాన్నా" అని పిల్ల వెక్కుతుంటే కన్నీళ్ళు గట్టు మీంచి పాయలుగా నదిలోకి జారిపోతున్నాయి. వెక్కిన కొద్దీ పిల్ల బరువెక్కుతోంది. మెరక చేరేసరికి నూకరత్నం రెక్కలు విరిగిపోతున్నాయి. ఆ నొప్పికి ఆమె మనసులోనే దండం పెట్టుకుంటుంది. ఆ ఇటుకలతోనే కొత్త ఇల్లు లేస్తుంది.

శ్రావణంలో వరద వస్తుంది. ఖాళీ పేట మీదుగా దేన్నీ విరగ్గొట్టకుండా నడిచిపోతుంది, విరగ్గొట్టడానికి ఏమీ లేదు. నూకరత్నం గట్టు మీద నిలబడి వీర్రాజు కోసం చూస్తుంది. అంతా ఏరే అయినప్పుడు మనిషిని ఎక్కడని వెతకడం?

ఎగువ నుంచి తలుపులు వస్తున్నాయి. ఇంకా ఏ గీతా గీయని ఊళ్ళ తలుపులు. పసుపు రాసిన గడపలతో సహా, నిలువుగా, మూసి ఉన్నవి మూసి ఉన్నట్టే నీళ్ళ మీద బారులు తీరి పోతున్నాయి. ఒకటి గట్టు పక్కగా వస్తుంది. నూకరత్నం నడుంలోతు దిగి దబదబా బాదుతుంది.

తలుపు తెరుచుకుంటుంది. లోపల పొడి వాకిలి, మధ్యాహ్నపు ఎండ. చీర ఉయ్యాల్లో పసిబిడ్డ నిద్రపోతోంది. తలుపు తీసిన ఆవిడ చంకలో చేట ఉంది.

"అమ్మా, బిడ్డనెత్తుకుని బయటికి రండి. నీల్లొచ్చేత్తన్నాయి!"

ఏదో అమ్ముకోవడానికి వచ్చిందనుకుని ఆవిడ తడిసిన నూకరత్నాన్ని జాలిగా ఎగాదిగా చూస్తుంది.

"ఇయ్యాల ఏం వద్దమ్మా. రేపు రా," అంటుంది నెమ్మదిగా, తలుపు దగ్గరికేస్తూ.

తలుపు ఒకసారి గుండ్రంగా తిరిగి సముద్రం దారి పడుతుంది. లోపల ఆవిడ బియ్యం చెరుగుతున్న చప్పుడు చాలా దూరం వినిపిస్తూనే ఉంది.