స్నానాలకొట్టం కింద వెండి

భూమిలోని లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ పట్టుకు తిరిగేవాణ్ణి మా లాత్వియాలో పిచ్చోడి కింద జమకడతారు. జమకట్టుకోనీ, నాకేం! ఇనుము గొణుగుతుంది, వెండి గంట కొట్టినట్టు మోగుతుంది. ఆ తేడా పట్టినవాడికి తవ్వకముందే నాణెం సగం తెలిసిపోతుంది.

పక్కింటి జెల్మా పిన్నికి ఎనభై దగ్గరపడుతున్నా నోరు మాత్రం తగ్గలేదు. ఆ రోజు కంచె మీంచి కేకేసింది.

"ఒరేయ్ ఇల్గ్వర్స్! ఊళ్ళోవాళ్ళ పొలాలు కెలకడమేనా, నా పెరట్లో ఓసారి ఆ గరిటె తిప్పేదేమన్నా ఉందా?"

"ఏం పారేసుకున్నావు పిన్నీ, పళ్ళసెట్టా?"

"నీ మొహం! మా నాన్న వెండి."

ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. యుద్ధం చివర్లో వాళ్ళ నాన్న ఫ్రీత్సిస్ ఇంట్లో దాచిన అయిదు లాట్ల (లాట్ అంటే అప్పటి మా రూపాయి) వెండి నాణేలన్నీ మూటగట్టుకుని, పెళ్ళాన్నీ పిల్లనీ వదిలేసి, పడవెక్కి స్వీడన్ పారిపోయాడు. పిన్ని తల్లి అల్వీనె చచ్చేదాకా చెప్పిన మాట అది.

"ఆ వెండి ఇక్కడే ఉంటే ఆయన దొంగ కాదురా. ప్రాణభయంతో పోయాడంతే," అంది పిన్ని. "అదొక్కటి తేలితే చాలు, నిశ్చింతగా కన్నుమూస్తాను."

పెరడంతా గాలించాను. సీసా మూతలూ, తూటాలూ తప్ప ఏమీ లేవు. ఇక మిగిలింది కూలిపోయిన స్నానాలకొట్టం. శనివారం సాయంత్రం ఆవిరిస్నానానికి కొట్టంలో పొయ్యి రాజేయని ఇల్లు మా వైపు ఉండదు. అల్వీనె మాత్రం కట్టెలు దండగంటూ పిల్లని వంటింటి తొట్టిలోనే తోమేది. పిసినారి పీనుగ అని మా అమ్మ నవ్వేది.

అక్కడ మోగింది గంట. మోచేతి లోతులో మూతలేని తుప్పు డబ్బా, దాని నిండా మట్టిపట్టిన నాణేలు. ఒకటి వేలితో రుద్దితే జడ వేసుకున్న పల్లెపడుచు బొమ్మ తేలింది. అయిదు లాట్లే, అనుమానం లేదు. ఇంకోదానికి బెజ్జం ఉంది. పిన్ని దాన్ని లాక్కుని ముద్దుపెట్టుకుంది.

"ఇది నాదిరా! నాకు పేరు పెట్టిన రోజు రిబ్బను గుచ్చడానికి నాన్నే బెజ్జం పెట్టాడు. చూశావా, తీసుకెళ్ళలేదు! మా నాన్న దొంగ కాదు!"

ఆవిడ ఏడుస్తూ నవ్వుతుంటే నాకూ కళ్ళు చెమర్చాయి.

పాత మేకుల గోల పడలేక డిటెక్టర్‌లో ఇనుము మోత ఎప్పుడూ ఆపేసి ఉంచుతాను. డబ్బా మూత కోసం ఈసారి మోగనిచ్చాను. గుంటలో రెండు చోట్ల, పక్కపక్కనే గొణిగింది. తవ్వితే బూటు మడమకు కొట్టే లాడం వచ్చింది. పక్కనే ఇంకోటి. కాస్త ఎగువన బెల్టు బకిల్. ఆ తర్వాత ఎముక. పార కింద పెట్టేశాను.

"ఎవడో సైనికుడై ఉంటాడు పిన్నీ," అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

పిన్ని డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసింది. "సైనికుడి మీద మా అమ్మ కాఫీడబ్బా ఎందుకుందిరా?"

నేను టోపీ తీశాను.

"కట్టెలు దండగని కాదు," అంది పిన్ని. "ఈ కొట్టం గడప ఎవర్నీ తొక్కనివ్వలేదు. అమ్మా, ఎంత పని చేశావే!"

పోలీసులు ఎముకలు పట్టుకెళ్ళి, పరీక్షలు చేసి, ఫ్రీత్సిసే అని తేల్చి తిరిగిచ్చారు. ఎందుకు చంపిందో చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అల్వీనె సమాధి పక్కన మొగుడికని అట్టేపెట్టిన చోటుంది. పిన్ని అక్కడ వద్దంది. శ్మశానం ఆ చివర పెట్టించింది.

మా శ్మశానాల్లో సమాధి చుట్టూ ఇసుకని దంతెతో దువ్వుతాం, పోయినవాళ్ళకి అదే మర్యాద. తల్లి దగ్గర పిన్ని ఏ వారమూ తప్పేది కాదు. ఆ శనివారం తండ్రి దగ్గర ఒక్కచోటే దువ్వింది. అల్వీనె సమాధి మీద ఆకులు పేరుకున్నాయి. చూడలేక నేనే దంతె అందుకున్నాను.

"ముట్టుకోకు!" అని అరిచింది పిన్ని. "రోజూ రొట్టె కోసి పెడుతూ నాచేత ఆయన్ని తిట్టించిందిరా. నేనూ నోరారా తిట్టాను. అన్నేళ్ళూ ఆయన పెరట్లోనే ఉన్నాడు."