ఫలం లేని గ్రహం

జాతకాలు చెప్పడంలో మామగారు దిట్ట. శని ఎప్పుడు ఏ రాశిలో కాలు పెడతాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఆ శనిని మాత్రం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ఆకాశంతో ఆయనకేం పని? గ్రహాల లెక్కలు కోడలు కట్టేది, ఫలాలు ఆయన రాసేవారు. రెండూ కలిపి ఒకే పుస్తకంగా ఏటేటా ముందుగదిలోని అచ్చుయంత్రం మీద వేసేవారు.

ఆ ఏడు కోడలు తన పట్టికలో ఒక వరుస అదనంగా చేర్చింది. దూరదేశంలో ఎవరో దుర్భిణిలో కనిపెట్టిన కొత్త గ్రహానిది. అది ఏ నెలలో ఎక్కడుంటుందో ఏళ్ల తరబడి డాబా మీద తన దుర్భిణిలో మెడ పట్టేసేలా చూసి లెక్క కట్టింది. మామగారు ప్రూఫు చూస్తూ ఆ వరుసను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు.

"ఇది ఎవరికి పెళ్లి చేస్తుంది? ఎవరిని మంచాన పడేస్తుంది? ఫలం లేనిదానికి నా పుస్తకంలో చోటెక్కడిదమ్మాయ్?"

"ఫలం సంగతి నాకు తెలీదు మామయ్యగారూ. అది ఉంది. ఉన్నదాన్ని లేదని ఎలా వేస్తాం?"

అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తెల్లారితే ఆ పేజీ అచ్చుకెక్కాలి. ఇన్నేళ్ల కష్టం ఒక్క గీతతో మట్టిపాలైందని కోడలికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్కసారి పైకి రండి. చూశాక కూడా వద్దంటే నేనే కొట్టేస్తాను" అంది.

పొద్దుగూకాక ఆయన మోకాళ్లను తిట్టుకుంటూ మేడెక్కారు. పడమట ధగధగలాడుతున్న చుక్కను చూడగానే వేలు చూపించారు.

"అదుగో, శని. మొహంలోనే తెలుస్తోంది దుర్మార్గం."

"అది శుక్రుడు మామయ్యగారూ."

ఆయన గతుక్కుమన్నారు. ఆ శుక్రుడి పేరు చెప్పి ఎన్ని పెళ్లిళ్లు కుదిర్చారో, ఎన్ని తప్పించారో ఆయనకే లెక్క లేదు. ఇక దుర్భిణికి కన్ను ఆనించారు. ఆవగింజలో సగం కూడా లేని ఆకుపచ్చటి చుక్క కనిపించింది.

"ఇది ఏం చేస్తుందంటావ్?"

"ఏమీ చెయ్యదు. తన దారిన తాను పోతుంది."

"అయితే నాతో దానికేం పని లేదన్నమాట."

ఆయనకు కోపం రావాల్సింది పోయి, వింతగా అనిపించింది. జీవితంలో మొదటిసారి ఆకాశాన్ని ఏమీ అడగకుండా చూశారు. కోడలు రెండుసార్లు పిలిచినా కన్ను తియ్యలేదు. వట్టినే చూడటంలో ఇంత హాయి ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కిందికి దిగి కంపోజిటర్‌ని పిలిచారు.

"పుస్తకం రెండు చెయ్యి. నా పుస్తకంలో దానికి చోటు లేదన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. ఫలాలు నా పేరుతో వెయ్యి. పట్టికలు అమ్మాయి పేరుతో వెయ్యి, కొత్త వరుసతో సహా."

సంబరపడాల్సిన కోడలి గుండెల్లో రాయి పడింది.

"ఫలాలు లేని పుస్తకం ఎవరు కొంటారు మామయ్యగారూ?"

"నీదాంట్లో మొదటి ప్రతి నాకు తీసిపెట్టు" అన్నారాయన. "వచ్చే నెల అదెక్కడుంటుందో నాకు తెలియాలిగా."